కౌంటరు పక్క తలుపు

టిక్కెట్ల కౌంటర్లో ఇరవై ఒక్క ఏళ్లు కూర్చున్నాక నూకరత్నానికి మనుషుల ముఖాలతో పనిలేకుండా పోయింది. అద్దం కింది కన్నంలోంచి లోపలికి వచ్చే చేతిని చూసి మనిషిని చెప్పేది. తొందరలో ఉన్న చెయ్యి, ఇంకొకరి పాసు పట్టుకొచ్చిన చెయ్యి, జ్వరంతో కాలిపోతున్న చెయ్యి. ఆ రోజు పొద్దున్న ఎనిమిదిన్నరకు, కంచరపాలెం స్టేషన్ కిక్కిరిసి ఉన్న వేళ, కన్నంలోంచి వచ్చిన చేతికి గాజులు పగిలి, ఒక ముక్క మణికట్టులో దిగబడి ఉంది.

"కొమ్మాదికి ఒకటి" అంది గొంతు.

రత్నం మెడ వెనక వెంట్రుకలు లేచాయి. అదే క్షణంలో ఆమె నుదుటికి కట్టుకున్న పట్టీ సన్నగా గుయ్యిమంది.

తలెత్తి చూసింది. ఇరవై నాలుగేళ్లుంటాయి ఆ పిల్లకు. ఒక కాలికి చెప్పు లేదు. టిక్కెట్టు అడిగిందే కానీ కౌంటరు వైపు చూడడం లేదు, భుజం మీదుగా మెట్ల వైపు చూస్తోంది. రత్నం కూడా అటు చూసింది. జనాన్ని మోచేతులతో తోసుకుంటూ ఒకడు మెట్లెక్కి వస్తున్నాడు. కుడిచెయ్యి లుంగీ మడతలో దాచుకున్నాడు. పట్టీ మళ్లీ గుయ్యిమంది.

రత్నం టిక్కెట్టు కొట్టలేదు. కుర్చీని కాలితో తన్ని లేచి, కౌంటరు పక్కనున్న ఇనుప తలుపు గడియ లాగి, ఆ పిల్ల జబ్బ పట్టుకుని లోపలికి ఈడ్చింది. తలుపు మూసేలోగా వాడు వచ్చి పడ్డాడు. వాడి చేతిలో కొబ్బరికాయలు నరికే కత్తి. తలుపు సందులోంచి వేసిన వేటు పిల్ల మెడకు పడాల్సింది, రత్నం ముంజేతికి పడింది. ఎముకకు తగిలి ఆగిన కత్తిని వాడు వెనక్కి లాక్కుంటుంటే, రత్నం ఒళ్లంతా బరువు చేసి తలుపును భుజంతో గుద్దింది. వాడి వేళ్లు చట్రంలో పడి నలిగాయి. వాడు గావుకేక పెట్టి, రెండో చేత్తో కౌంటరు అద్దాన్ని పగలగొట్టాడు. పక్క కౌంటర్లో పనిచేసే సత్తిబాబు అప్పటికే ఇనుప స్టూలు ఎత్తుకుని బయటికి దూకాడు. అది వాడి నెత్తిన వేశాడు. ఒక్కసారితో ఆగలేదు.

"సత్తిబాబూ, సాల్లే! సచ్చిపోగలడు!" అని రత్నం అరిచింది.

"సావనీ. ఆడికోసం ఏడిసేవోళ్లు ఎవులున్నారు?" అన్నాడు సత్తిబాబు, కానీ స్టూలు దించాడు.

పిల్ల బల్ల కింద దూరి మోకాళ్లు కౌగిలించుకుని కూర్చుంది. రత్నం రక్తం కారుతున్న చేతికి పైట చుట్టుకుంటూ ఆమె పక్కనే నేల మీద చతికిలబడింది.

"నీ పేరేటమ్మా?"

"గౌరీశ్వరి." బల్ల కిందినుంచే చెప్పింది. "ఆడు నా మొగుడు. దేముడని పేరు."

చేతికి తొమ్మిది కుట్లు పడ్డాయి. ఆ సాయంత్రమే రత్నం ఎండాడలోని ప్రయోగశాలకు వెళ్లింది. తమ్ముడు తవిటినాయుడు రమ్మని మూడుసార్లు ఫోన్ చేశాడు.

తల్లి పోయినప్పుడు వాడికి ఆరేళ్లు, ఆమెకు పద్దెనిమిది. కౌంటర్లో ఉద్యోగం వచ్చాక వాణ్ణి చదివించింది, పెళ్లి మాట తలపెట్టలేదు. వాడు నడకల మీద పరిశోధన చేసి డాక్టరయ్యాడు. మనిషి వేలిముద్ర ఎంత సొంతమో నడకా అంతే సొంతమని వాడు కనిపెట్టాడు. నగరంలో నడిచే సాగర రైలు సంస్థ వాడికి ఈ ప్రయోగశాల కట్టించి ఇచ్చింది. టిక్కెట్టు అక్కర్లేదు. గేటు వైపు నడిచి వస్తే చాలు, యంత్రం నడకను బట్టి గుర్తుపట్టి గాజు రెక్కలు తెరుస్తుంది. దాని పేరు ఆనవాలు. దానికి ఇంకొక విద్య కూడా నేర్పాలని తవిటినాయుడు పట్టుబట్టాడు. ప్రమాదం తెచ్చే మనిషిని గేటు దాకా రాకముందే కనిపెట్టే విద్య. అది రత్నానికి వచ్చు. అందుకే పది నెలలుగా ఆమె నుదుటికి పట్టీ. ఆమె ఒళ్లు ఉలిక్కిపడినప్పుడల్లా పట్టీ ఆ ఉలికిపాటును పట్టుకుని, ఆ క్షణాన కెమెరాలో కనబడిన మనిషి కదలికకు జతచేసి యంత్రానికి పంపుతుంది.

"అప్పా, చెయ్యి ఎలాగుంది?" అని అడిగి, జవాబు వినకుండానే తవిటినాయుడు ఆమెను తెర ముందు కూర్చోబెట్టాడు. "ఇది చూడు ముందు. పది నెలల్లో ఇంత స్పష్టంగా ఎప్పుడూ రాలేదు."

తెర మీద పొద్దుటి సంఘటన నడుస్తోంది. అడుగున ఒక గీత నిమ్మళంగా పోతూ పోతూ రెండుచోట్ల ఎర్రగా, నిటారుగా లేచింది.

"ఇదేటి?"

"నీ ఉలికిపాటు. కత్తి బయటికి రాకముందే, వాడు మెట్ల మీద ఉండగానే నీ ఒళ్లు కనిపెట్టీసింది. ఇక మీద యంత్రం కూడా కనిపెట్టీగలదు. గీత లేచిన మనిషికి రెక్కలు మూసుకుంటాయి, కాపలావాళ్లు వచ్చి చూసేదాకా. ప్లాట్‌ఫారం మీద ఒక్కరికీ గీటు పడదు."

రత్నం మొదటి గీత మీద వేలు పెట్టింది. "మరి ఇది వాడు కాదు కదరా. ఇది ఆ పిల్ల. దాన్ని చూసినప్పుడు లేచింది."

"అవును. రెండు ఉలికిపాట్లూ ఒకటే ఎత్తు."

"ఒకటెలాగవుతాదిరా? ఒకదాన్ని లోపలికి లాగేను, ఒకణ్ణి బయటికి నెట్టేను."

"అది తర్వాత సంగతి అప్పా. పట్టీకి ఉలికిపాటే తెలుస్తుంది. తలుపు తియ్యడం నీ చేతిపని. యంత్రానికి తలుపు ఉండదు కదా, గేటే ఉంటాది." నవ్వుతూ ఆమె భుజం తట్టాడు. "అయినా నువ్వు పక్కనుంటావు కదా. ఇది నీకు సాయానికే గానీ నీ బదులుకి కాదని చెప్పేను కదా."

చెప్పాడు. పది నెలల కిందట పట్టీ కట్టేటప్పుడు ఆ మాటే చెప్పాడు. రత్నం నమ్మింది.

గౌరీశ్వరి కొమ్మాదిలో రొయ్యలు శుభ్రం చేసే షెడ్డులో పనిచేసేది. మొగుడు జైల్లో ఉన్న నాలుగు నెలలూ రోజూ ఎనిమిదిన్నరకు అదే కౌంటరుకు వచ్చేది. రత్నాన్ని పిన్నీ అనడం మొదలుపెట్టింది. ఒకరోజు పాసు తీసుకుంటూ అంది, "ఆడు బెయిలు మీద వచ్చీసాడంట పిన్నీ. వస్తే రానీ. ఇక్కడిదాకా పరిగెట్టగలిగితే సాలు, మీరున్నారు."

ఆ మరుసటి వారమే సంస్థ ప్రకటన చేసింది. ముప్పై ఒక్క స్టేషన్లలోనూ టిక్కెట్ల కౌంటర్లు మూసేస్తున్నారు. నూట నలభై మంది క్లర్కులూ నెలాఖరుకు ఇళ్లకు వెళ్లాలి.

క్లర్కులు వెళ్లలేదు. నెలాఖరు రోజున కంచరపాలెం కౌంటర్లోకి పదకొండుమంది చేరి లోపల గడియ పెట్టుకున్నారు. రత్నం వాళ్లలో లేదు. ఆమెకు అదే స్టేషన్ మూడో అంతస్తులో, నగరంలోని గేట్లన్నీ చూసే నియంత్రణ గదిలో ఉద్యోగం ఇచ్చారు. తమ్ముడు ఇప్పించాడు. మెడలో కొత్త కార్డు వేసుకుని మెట్ల మీద నిలబడిపోయింది.

మధ్యాహ్నం సంస్థ కాపలావాళ్లు ముప్పై మంది వచ్చారు. కోత యంత్రంతో తలుపు గడియ కోశారు. లోపలివాళ్లను ఒక్కొక్కరినే జుట్టు పట్టుకుని, కాళ్లు పట్టుకుని బయటికి ఈడ్చారు. బయట రెండు వరసలుగా నిలబడినవాళ్లు లాఠీలతో బాదారు. సత్తిబాబు కౌంటరు బల్లను రెండు చేతులా పట్టుకుని వదల్లేదు. ఒకడు లాఠీ తిరగేసి, బల్ల మీదున్న ఆ వేళ్ల మీద దంచాడు. రాతి మీద కొబ్బరి చిప్ప పగిలినట్టు చప్పుడయింది. సత్తిబాబు అరవలేదు, నోట్లో నాలుక కొరుక్కున్నాడు. అతణ్ణి మెట్ల దగ్గరికి ఈడ్చుకొస్తుంటే రత్నం అడ్డం వెళ్లింది.

"నన్ను ముట్టుకోకే" అన్నాడు సత్తిబాబు రక్తం ఉమ్ముతూ. "మా కళ్లు పీకి ఆ గాజుగుమ్మానికి పెట్టీసేవు. నీ తమ్ముడికి కాపలా కాసుకో, పో."

సాయంత్రానికి కౌంటర్లు పగలగొట్టి, ఇనుప తలుపును చట్రంతో సహా ఊడదీసి, అక్కడ గోడ కట్టేశారు.

కొత్త ఉద్యోగంలో రత్నం చేయాల్సింది తెరలు చూడడం. ఎక్కడైనా గేటు ఎర్రబడితే దగ్గర్లో ఉన్న కాపలావాళ్లకు కబురు పెట్టాలి. అయిదు స్టేషన్లకు ఒక కాపలా జట్టు ఉండేది. మొదటి రెండు నెలల్లో ఆనవాలు పదిహేడు మందిని పట్టించింది. జేబుదొంగలు, తప్పతాగినవాళ్లు, ఒకడి సంచిలో నాటుబాంబు కూడా దొరికింది. పత్రికలు తవిటినాయుడి ఫొటో వేశాయి. గేటు ఎర్రబడి ఆగిపోయినవాళ్లలో, కొడుకును ఆస్పత్రిలో చేర్చారని కబురొచ్చి పరిగెత్తుకొచ్చిన తల్లి ఉంది. పరీక్షకు ఆలస్యమై వణికిపోతున్న ఆడపిల్ల ఉంది. వాళ్ల ఫొటోలు ఎవరూ వెయ్యలేదు. రత్నం చెప్తే, "కాపలావాళ్లు వచ్చి తీసేరు కదా అప్పా, పది నిమిషాలు ఆలస్యమయింది, అంతే కదా" అన్నాడు తమ్ముడు.

కార్తీకమాసం మొదటి సోమవారం సాయంత్రం అయిదుంబావుకు కంచరపాలెం మూడో గేటు ఎర్రబడింది.

రత్నం తెర వైపు వంగింది. గౌరీశ్వరి. మెడ మీద కండ వేలాడుతోంది. రెండు అరచేతులతో గాజు రెక్కల్ని కొడుతోంది. తెరకు చప్పుడు లేదు. నోరు తెరిచి ఏదో పిలుస్తోంది, అది పిన్నీ అన్న పిలుపేనని రత్నానికి తెలిసింది. కౌంటరు ఉండే చోటికి తిరిగి చూసింది. అక్కడ గోడ ఉంది. మళ్లీ గేటు వైపే తిరిగింది. మెట్ల మీద దేముడు కనబడ్డాడు. జనం వాడి చేతిలోని కత్తిని చూసి చీలిపోయి దారి ఇస్తున్నారు.

రత్నం తెరిచే మీట నొక్కింది. తెర మీద అక్షరాలు వచ్చాయి. పర్యవేక్షకుడి అనుమతి కావాలి.

పర్యవేక్షకుడు తమ్ముడే, ఆమె వెనకే నిలబడి ఉన్నాడు.

"తవిటీ, తియ్యి! తొందరగా తియ్యరా!"

"ఆగప్పా. తీస్తే వాడూ లోపలికి వచ్చీగలడు. ప్లాట్‌ఫారం మీద రెండొందల మంది ఉన్నారు."

"దాన్ని రానిచ్చి మూసీ!"

"రెక్కలు తెరిచి మూయడానికి నాలుగు సెకన్లు. వాడు మూడు సెకన్ల దూరంలో ఉన్నాడు."

లెక్క తప్పు కాదు. కానీ ఆ లెక్క చెప్పడానికే అతనికి అయిదు సెకన్లు పట్టింది.

రత్నం పడుతూ లేస్తూ మెట్లు దిగింది. మూడు అంతస్తులు. చివరి మలుపులో కాలు మడతపడి ఆరు మెట్లు దొర్లి, లేచి, కుంటుతూ గేటు లోపలివైపుకు చేరింది. గాజుకు అటువైపు గౌరీశ్వరి మోకాళ్ల మీద ఉంది. దేముడు ఆమె జుట్టు ఎడమచేతికి చుట్టుకుని కుడిచేత్తో పొడుస్తున్నాడు, గట్టినేలలో గునపం దింపేవాడిలా, ఊపిరి బిగబట్టి, ఆగి ఆగి. గాజు మీద రక్తం చిమ్మి కిందికి జారుతోంది. రత్నం కుర్చీ తెచ్చి రెక్కల్ని బాదింది. కుర్చీ విరిగింది కానీ గాజు మీద గీత కూడా పడలేదు. రెక్కల కింద నాలుగువేళ్ల సందు ఉంది. నేలమీద బోర్లా పడుకుని ఆ సందులోంచి చెయ్యి చాపి గౌరీశ్వరి చెయ్యి పట్టుకుంది.

"ఉన్నానమ్మా. ఇక్కడే ఉన్నాను. చెయ్యి వదలకు."

గౌరీశ్వరి వేళ్లు ఆమె చేతిని గట్టిగా పట్టుకున్నాయి. తర్వాత పట్టు సడలింది. తర్వాత రత్నం పట్టుకున్నదే మిగిలింది.

అప్పుడు గేటు పచ్చబడింది. ఆ ఒంట్లో కదలిక ఆగిపోయి, దేముడు కూడా కత్తి దించి కదలకుండా నిలబడ్డాక యంత్రానికి ప్రమాదమేమీ కనబడలేదు. గాజు రెక్కలు మెత్తగా తెరుచుకున్నాయి.

దేముడు పారిపోలేదు. జనం అప్పుడు వాడి మీద పడ్డారు. అంతసేపూ గోడలకు అంటుకుపోయి నిలబడినవాళ్లే వాణ్ణి కాళ్లతో, బ్యాగులతో, ఊడదీసిన బెల్టులతో కొట్టి, కన్ను పోయేలా కొట్టి, మెట్ల మీంచి కిందికి తోశారు. వాడు మూడోరోజు ఆస్పత్రిలో చచ్చాడు.

నగరం భగ్గుమంది. నాలుగు స్టేషన్లలో గేట్లు తగలబెట్టారు. ప్రభుత్వం ఒక విశ్రాంత న్యాయమూర్తిని విచారణకు వేసింది. సంస్థ అధిపతి మహీధర్ ఆయన ముందుకొచ్చి, యంత్రం హంతకుణ్ణి మూడు అడుగుల్లోనే కనిపెట్టిందని, రెండొందల మందిని కాపాడిందని చెప్పాడు. భయపడేవాళ్లనూ భయపెట్టేవాళ్లనూ వేరుచేసే కొత్త కూర్పు నెలలో సిద్ధమవుతుందని, ఇక కౌంటర్ల అవసరమే ఉండదని మాట ఇచ్చాడు.

ఆ కొత్త కూర్పు తయారు చేసింది తవిటినాయుడే. సరిగ్గా నిద్రపోవడం మానేశాడు, గడ్డం పెరిగింది. తొంభై మంది రంగస్థల నటుల్ని పిలిపించి, ప్రయోగశాలలో భయపడమన్నాడు, పరిగెత్తమన్నాడు, ఏడవమన్నాడు. యంత్రానికి అవన్నీ నేర్పాడు.

"ఈసారి తప్పదు అప్పా" అన్నాడు. "భయపడినవాళ్లకు తెరుచుకుంటాది. నేను చూసేను."

"ఆళ్లకి భయం లేదురా. భయం నటించేరు."

"నడక ఒకటేలాగుంటాది."

"అప్పుడూ అదే అన్నావు. ఒకటేనని." ఆ తర్వాత రత్నం వాడితో మాట్లాడలేదు. గౌరీశ్వరి రక్తం అంటిన చీర ఉతకలేదు, పారెయ్యలేదు. మంచం కింద పెట్టుకుంది.

న్యాయమూర్తికి ప్రదర్శన పొద్దున్న పదకొండింటికి, కంచరపాలెంలోనే. గేటు లోపలివైపు న్యాయమూర్తి, మహీధర్, ఇంజనీర్లు, విలేకరులు నిలబడ్డారు. బయటివైపు తవిటినాయుడు. ఒక నటి చీర చెంగు జారుతుంటే పరిగెత్తుకుంటూ వచ్చింది, కెవ్వుమంది. గేటు తెరుచుకుంది. వెనకనే కర్ర పట్టుకుని నటుడు వచ్చాడు. గేటు మూసుకుంది. లోపల చప్పట్లు మోగాయి.

సాక్షిగా పిలిచిన రత్నం నియంత్రణ గది మెట్లు దిగి, ప్రదర్శన కోసం ఆ రోజు తెరిచి ఉంచిన సిబ్బంది దారిలో బయటివైపుకు వచ్చింది. చేతిసంచిలోంచి కత్తి తీసింది. ఇంట్లో చేపలు కోసే కత్తి.

"నాటకానికి తీసింది" అంది గట్టిగా. "నిజానికి తీస్తాదేమో చూద్దారి."

తవిటినాయుడు ఆమె వైపు తిరిగాడు. "అప్పా, ఏటిది? లోపల పెట్టీ." నవ్వబోయాడు కానీ రాలేదు. తాను ముప్పై రెండేళ్లుగా చూసిన ముఖం అది, ఇలాగ ఎన్నడూ చూడలేదు.

మొదటి వేటు ఆమె ముందుగా అనుకున్నదే. భుజం మీద, కండ వరకే. అలా వెయ్యకపోతే వాడికి నిజమైన భయం పుట్టదని ఆమెకు తెలుసు. చొక్కా చీలి రక్తం ఉబికింది. తవిటినాయుడు దాన్ని చూసుకున్నాడు, ఆమెను చూశాడు, గేటు వైపు పరిగెత్తాడు.

గేటు ఎర్రబడింది. రెక్కలు మూసుకుపోయాయి.

తాను చేసిన గాజు మీద వాడు రెండు అరచేతులతో కొట్టాడు. "తియ్యండి! సార్, తియ్యండి!" అటువైపు ఒక కుర్ర ఇంజనీరు చేతిలోని తెర మీద ఏదో నొక్కుతూ యంత్రం అనుమతి అడుగుతోందని అరిచాడు. అనుమతి ఇవ్వాల్సినవాడు ఇటువైపు ఉన్నాడు. న్యాయమూర్తి, "ఎవరైనా తియ్యండయ్యా!" అంటున్నాడు. మహీధర్ చెయ్యి అడ్డంపెట్టి అన్న మాట గాజులోంచి రత్నానికి స్పష్టంగా వినబడింది.

"ఆగండి. తీస్తే ఆవిడ కూడా లోపలికి వచ్చేస్తుంది."

ఆ మాట వినగానే రత్నానికి ఎదురుగా తమ్ముడు లేడు. మూడో అంతస్తులో తన వెనక నిలబడి సెకన్లు లెక్కపెట్టిన మనిషి ఉన్నాడు. సందులోంచి పట్టుకున్న చెయ్యి చల్లబడడం తన చేతిలో మళ్లీ తెలిసింది. రెండో వేటు ఆమె అనుకున్నది కాదు. అది చంపడానికే పడింది. పక్కటెముకల కింద, పిడి దాకా.

వాడు గాజు మీదుగా జారి కూలబడ్డాడు. "అప్పా" అన్నాడు. నొప్పితో కాదు. చిన్నప్పుడు వీధిలో కిందపడి లేచాక, ఏడవాలో వద్దో తెలియక పిలిచినట్టు పిలిచాడు.

రత్నం చెయ్యి ఆగిపోయింది. కత్తి వదిలేసి, రెండు చేతులతో గాయం అదిమిపట్టింది. వెనకనుంచి వచ్చిన కాపలావాడి లాఠీ ఆమె మోచెయ్యి విరగ్గొట్టింది. మరొకడు తల మీద కొట్టాడు. ఆమె మాత్రం గాయం మీంచి చెయ్యి తియ్యలేదు. ఇద్దరు కలిసి పీకేస్తే గానీ రాలేదు.

తవిటినాయుడు బతికాడు. ఒక మూత్రపిండం తీసేశారు. ఏడు వారాల తర్వాత, చక్రాల కుర్చీలో అతణ్ణి విచారణకు తీసుకొచ్చారు. రత్నాన్ని పోలీసులు గోడ పక్కన నిలబెట్టారు.

సంస్థ తరఫు న్యాయవాది లేచాడు. నెమ్మదస్తుడు, గొంతు ఎత్తడు. "డాక్టర్ తవిటినాయుడు గారూ, మీ అక్కగారు మిమ్మల్ని పెంచి పెద్దచేశారు. ఆవిడ మిమ్మల్ని చంపుతారని మేమెవరమూ నమ్మడం లేదు. ఆ రోజు జరిగింది ఆవేశంలో చేసిన ఒక ప్రదర్శన. చెయ్యి కాస్త పొరపాటున దిగింది. అంతేనా? అది నాటకమే అయితే, యంత్రం విఫలమైందని అనడానికి లేదు. ఆవిడ మీద కేసు కూడా వీగిపోతుంది. మీరు ఒక్కమాట చెబితే చాలు."

న్యాయమూర్తి కళ్లజోడు తీశాడు. "ఇక్కడ మీరు చెప్పేది పోలీసులకూ వెళ్తుంది. ఆలోచించుకుని చెప్పండి. నిజంగా ప్రాణభయంతోనే గేటు వైపు పరిగెత్తారా? మీ అక్క మిమ్మల్ని చంపడానికే వచ్చిందా?"

తవిటినాయుడు రత్నం వైపు చూశాడు. ఆమె తల అడ్డంగా ఊపలేదు, నిలువుగా ఊపలేదు. కట్టు కట్టిన చెయ్యి గుండెకు ఆనించుకుని, వాడినే చూస్తూ నిలబడింది. అవునంటే కౌంటర్లు తిరిగి వస్తాయి, అక్క జైలుకు పోతుంది. కాదంటే అక్క ఇంటికి వస్తుంది, ముప్పై ఒక్క స్టేషన్లలో గోడలు అలాగే ఉంటాయి. గదిలో ఉన్న అందరికీ ఆ సంగతి తెలుసు.

"అవును" అన్నాడు. "చంపడానికే వచ్చింది. నాకు నిజంగా ప్రాణభయం వేసింది. నేను చేసిన గేటు నా ముఖం మీదే మూసుకుంది. గౌరీశ్వరి గారికి ఎందుకు మూసుకుందో నాకు ముందే తెలుసు. తెలిసీ చెప్పలేదు."

రత్నం కళ్లు మూసుకుంది.

వేసవి చివర న్యాయమూర్తి నివేదిక వచ్చింది, ప్రభుత్వం దాన్ని ఉత్తర్వు చేసింది. ప్రతి గేటు పక్కనా లోపలినుంచి చేత్తో తెరిచే తలుపు ఉండాలి, రైళ్లు నడిచినంతసేపూ దాని దగ్గర ఒక మనిషి ఉండాలి. అనుమతి అడగకుండా తెరిచే అధికారం ఆ మనిషిదే. క్లర్కులు తిరిగి చేరారు. ఇంకో నెలకు, కోర్టులో హత్యాయత్నం కింద రత్నానికి ఆరేళ్లు పడ్డాయి. ఆమె అప్పీలు వెయ్యనంది.

తవిటినాయుడు చూడడానికి రావడానికి మూడు నెలలు పట్టింది. కర్ర ఊతంతో నడుస్తున్నాడు. ఇనుప జాలీకి అటువైపు బల్ల మీద కూర్చున్నాడు. రత్నం వాడి నడక చూసింది, ముఖం చూసింది, చిక్కిపోయాడనుకుంది.

"అన్నం తింటన్నావా?"

"తింటన్నాను." జాలీ మీద వేలు పెట్టి తీశాడు. "అప్పా, ఒకటి అడగాల. నేను అవునని చెప్పేను. అది అబద్ధమయితే నిన్ను నేనే లోపల పెట్టించినట్టు. నిజంగా చంపుదామనే అనుకున్నావా?"

రత్నం వాడికి ఏది వినాలని ఉందో ఆలోచించింది. తర్వాత ఆలోచించడం మానేసింది.

"మొదటిది కాదురా. రెండోది అవును."

వాడు తలొంచుకున్నాడు. భుజాలు కదిలాయి. లేచి వెళ్లిపోతాడనుకుంది. వెళ్లలేదు. కర్రను బల్లకు ఆనించి, జాలీకి ఇంకొంచెం దగ్గరగా జరిగి, ములాఖత్ అయిపోయిందని గంట కొట్టేదాకా అక్కడే కూర్చున్నాడు.